టోర్నాడో స్టీమ్ ఇంజన్ లాగే రైల్లో లండన్ నుంచి యార్క్: టికెట్ డబ్బులు గిట్టాయా?

ముందే చెప్పేస్తున్నా, యార్క్‌కి తొందరగా చేరాలనుకునేవాళ్ళు దీని జోలికి రావద్దు. మామూలు రైలు రెండు గంటల్లోపు దించేసే దూరానికి మాకు నాలుగు గంటలు దాటింది, టికెట్ ఖరీదేమో దానికంటే బాగా ఎక్కువ. అయినా ఎందుకు వెళ్ళామంటే మా నాయన ఊరినుంచి వచ్చున్నాడు. ఆయన పుట్టింది బిట్రగుంట రైల్వే క్వార్టర్స్‌లో, మా తాత అక్కడి లోకో షెడ్డులో ఫైర్‌మన్. "మ్యూజియంలో పెట్టినవి నాకొద్దురా, నడిచేది ఏదన్నా ఉంటే చూపించు" అన్నాడు.

టోర్నాడో పాత ఇంజన్‌కి రంగేసి బయటికి తీసింది కాదు, కొత్తగా చేసిందే. పెప్పర్‌కార్న్ అనే ఇంజనీరు డిజైన్ చేసిన ఏ1 రకం ఇంజన్లు 1948, 49లో 49 తయారయ్యాయి, 1966 నాటికి అన్నీ తుక్కు కిందకి పోయాయి, ఒక్కటీ మిగల్లేదు. 1990లో కొంతమంది అభిమానులు ట్రస్టుగా ఏర్పడి యాభయ్యోది మనమే చేద్దామని మొదలుపెట్టారు. వారానికి ఒక గ్లాసు బీరు ఖరీదు ఇవ్వండి చాలు అని జనాన్ని అడిగారు, అలా దాదాపు 30 లక్షల పౌండ్లు పోగేసి డార్లింగ్టన్‌లో పని చేసుకుంటూ పోతే 2008కి ఇంజన్ కదిలింది. పాతవి 60162 నంబరుతో ఆగిపోయాయి కాబట్టి దీనికి 60163 ఇచ్చారు. ఆ నంబరు విన్నప్పుడే నాకు ముచ్చటేసింది, మధ్యలో 60 ఏళ్ళు గడవనట్టే!

లండన్ కింగ్స్‌క్రాస్ స్టేషన్‌లో ప్లాట్‌ఫారం ఆ చివరికి నడిచి వెళ్తే పచ్చగా మెరుస్తూ నిలబడుంది, కింద నుంచి సన్నగా ఆవిరి. పెద్ద చక్రం ఎత్తు 6 అడుగుల 8 అంగుళాలు, మా నాయన పక్కన నిలబడితే తల చక్రం పైఅంచుకి అందలేదు. క్యాబ్ మెట్ల దగ్గర ఆగి లోపలికి తొంగిచూసి ఫైర్‌మన్ కుర్రాడితో తనకొచ్చిన ఇంగ్లీషులో ఏదో మాట్లాడాడు, ఆ అబ్బాయి పార చూపించాడు. బొగ్గు ఇప్పటికీ పారతోనే వెయ్యాలి, 50 చదరపు అడుగుల పొయ్యిలోకి, నడుస్తున్న బండిలో నిలబడి. దాని పక్కనే రేడియో, ఎర్ర సిగ్నల్ దాటితే తనంతట తనే బ్రేకు వేసే పరికరం, ప్రయాణమంతా రికార్డు చేసే డబ్బా. ఈ రోజుల్లో మెయిన్‌లైన్ మీద తిరగాలంటే అవన్నీ ఉండాల్సిందే. పైన 25 వేల వోల్టుల తీగలున్నాయని ఇంజన్ ఎత్తు కూడా ఒక అంగుళం తగ్గించి కట్టారు. బాయిలర్ జర్మనీలో చేయించారు, రివెట్లు లేకుండా మొత్తం వెల్డింగే.

ఇక ప్రయాణం. నిజం చెప్పాలంటే ఎక్కిన తర్వాత ఇంజన్ కనిపించదు. మాది వెనక పెట్టె, కిటికీలోంచి పొగ, వంపు తిరిగినప్పుడు ఒక్క క్షణం పచ్చరంగు, అంతే. తల బయట పెట్టనివ్వరు, అది సబబే అనుకోండి. శబ్దం వినాలంటే ముందు రెండు పెట్టెల్లో సీట్లు అడగండి. జంట చిమ్నీ కాబట్టి మనకి గుర్తున్న ఛక్ ఛక్ అంత గట్టిగా రాదు, మెత్తగా వస్తుంది. మా బండికి వెనకాల ఒక డీజిల్ ఇంజన్ కూడా తగిలించారు, అది చూసి మా నాయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. గంటన్నర గడిచాక "ఇంతసేపయినా కంట్లో ఒక్క నలక పళ్ళేదేందిరా, ఇది బొగ్గింజనేనా?" అన్నాడు.

దారిలో ఒక లూప్‌లైన్‌లో ఆపి నీళ్ళు పట్టారు. టెండర్‌లో, అంటే ఇంజన్ వెనకే ఉండే బొగ్గూ నీళ్ళూ మోసే పెట్టెలో, 6 వేల గ్యాలన్ల పైనే పడతాయి, కానీ పాతకాలం నీళ్ళ స్తంభాలు ఇప్పుడెక్కడివి, రోడ్డు మీదికి ట్యాంకర్ లారీ వచ్చి గొట్టం వేసింది. ఆ అరగంటా మా నాయన తలుపు దగ్గర కిటికీని వదల్లేదు, వెనక్కి వచ్చేసరికి కుడి కన్ను నలుపుకుంటున్నాడు. పడిందట. అంత సంతోషంగా కన్ను నలుపుకునే మనిషిని నేను చూళ్ళేదు.

లోపాలు చెప్పాలి కదా. మేం బుక్ చేసిన టూర్ వాళ్ళ శాకాహార భోజనం దండగ, చల్లటి శాండ్‌విచ్, ఆలూ చిప్స్. పులిహోర కట్టుకెళ్ళాం కాబట్టి బతికిపోయాం. ఆలస్యమైతే మైకులో చెప్పే దిక్కులేదు. ఇంజన్ కూడా ఎప్పుడూ చెడిపోనిదేం కాదు. 2017లో రాత్రిపూట టెస్టు చేసి గంటకి 100 మైళ్ళు అందుకున్న ఇదే ఇంజన్, 2018 ఏప్రిల్‌లో 90 మైళ్ళతో మొదటిసారి జనాన్ని తీసుకెళ్తూ శాండీ అనే ఊరి దగ్గర లోపలి భాగాలు దెబ్బతిని ఆగిపోయింది. అలాగని 2009 డిసెంబర్‌లో మంచు పడి కెంట్‌లో కరెంటు రైళ్ళు నిలిచిపోతే ప్లాట్‌ఫారాల మీద చిక్కుకున్నవాళ్ళని ఇళ్ళకి చేర్చిందీ ఇదే. మనకీ తిరుచ్చి పొన్మలై వర్క్‌షాపులో ఊటీ బండికి కొత్త స్టీమ్ ఇంజన్లు చేశారు, కానీ అవి కొండ రైలుకి. ఇది గంటకి 75 మైళ్ళతో పోతుంటే వెనకాల ఎక్స్‌ప్రెస్‌లు కాచుకుని ఉంటాయి.

ఐదుకి మూడున్నర ఇస్తా, ఇంజన్‌కైతే ఐదుకి ఐదు. తర్వాతిసారి నేను టికెట్ కొనను, దారిలో ఏదో చిన్న స్టేషన్‌లో ప్లాట్‌ఫారం మీద నిలబడి అది దూసుకుపోతుంటే చూస్తా, పైసా ఖర్చు లేదు, చక్రాలూ రాడ్లూ అన్నీ కనిపిస్తాయి. మా నాయన మాత్రం మళ్ళీ ఎక్కాల్సిందే అంటున్నాడు, డబ్బులు నావే కదా.