నక్సోస్‌లో నడవాలంటే కొండ ఊళ్లోనే దిగండి

ఏథెన్స్ పక్కనున్న పిరయస్ రేవులో మామూలు ఓడ ఎక్కితే గ్రీస్ ద్వీపం నక్సోస్‌కి ఐదు గంటల పైనే పడుతుంది. రేవు చేరుతుండగానే పోర్తారా కనిపిస్తుంది. క్రీ.పూ. 530 ప్రాంతంలో లిగ్దమిస్ అనే పాలకుడి కాలంలో మొదలుపెట్టి, పూర్తి చేయకుండా వదిలేసిన గుడి తాలూకు పాలరాతి గుమ్మం అది. సూర్యాస్తమయానికి ఊరంతా అక్కడే ఉంటుంది. మేమూ చూశాం, బాగుంది. కానీ నా మనసు పడింది ద్వీపం లోపలి భాగం మీద.

సైక్లడీస్ దీవుల్లో నక్సోసే పెద్దది, సుమారు 430 చదరపు కిలోమీటర్లు. పడమటి వైపు చదును నేల, పొడవాటి ఇసుక తీరాలు, బంగాళాదుంప చేలు. తూర్పుకి వెళ్లేకొద్దీ కొండలే. వాటిలో జాస్ వెయ్యి మీటర్లు దాటుతుంది, ఈ దీవులన్నిటిలో అంతకు మించిన శిఖరం లేదు. కొండల నడుమ త్రాగేయా లోయ నిండా ముసలి ఆలివ్ చెట్లు.

మొదటి రెండు రాత్రులు ప్లాకా తీరంలో ఉన్నాం. గది శుభ్రంగా ఉంది, గుమ్మం దిగితే సముద్రం. ఈతకైతే అంతకన్నా ఏం కావాలి! నడకకు మాత్రం ఆ చోటు పనికిరాదు. రేవు ఉన్న హోరా పట్నం వెళ్లి, బస్సు మారి కొండ చేరేసరికి ఎండ ముదిరేది. ఆదివారం బస్సు ఉందని గది యజమాని గట్టిగా చెప్తే గంటకు పైగా నిలబడ్డాం. చివరికి టాక్సీయే దిక్కయింది. వెళ్లేవాళ్లు బస్ స్టేషన్‌లో అతికించిన ఆ రోజు పట్టికను మీరే చూసుకోండి.

మూడో రోజు ఫిలోటికి మారాం. జాస్ కింద వాలు మీద మెట్లు మెట్లుగా ఉన్న ఊరు. గది చిన్నది, మెట్లు ఎక్కువ. అయినా పొద్దున్నే తలుపు తీసి నేరుగా నడక మొదలుపెట్టొచ్చు.

జాస్ ఎక్కడానికి రెండు దారులు. ఒకటి అరియా ఊట దగ్గర మొదలై జాస్ గుహ మీదుగా పోతుంది. దగ్గరే గానీ నిలువుగా ఉంటుంది, కాలి కింద రాళ్లు జారతాయి. రెండోది అయియా మరీనా అనే చిన్న చర్చి దగ్గర మొదలవుతుంది. అప్పటికే ఎత్తులో ఉంటాం కాబట్టి ఎక్కడం నింపాదిగా సాగుతుంది. మా అక్కకి మోకాళ్ల నొప్పి, అందుకే రెండోదే పట్టుకున్నాం. దారిలో ఒక బండ మీద పాత గ్రీకు అక్షరాలున్నాయి: ఇది మందలను కాచే జ్యూస్ దేవుడి కొండ అని. ఇప్పటికీ చుట్టూ మేకల గంటలు వినపడుతూనే ఉంటాయి. పైకి చేరేసరికి అక్క నాకంటే ముందుంది. పడమట పారోస్, ఆగ్నేయంగా అమోర్గోస్ స్పష్టంగా కనిపించాయి. దిగడం కూడా వచ్చిన దారినే. గుహ వైపు దిగితే మోకాళ్లు ఊరుకోవు. పైన నీడ లేదు, నీళ్లు కింద నుంచే మోసుకెళ్లాలి. జూలై, ఆగస్టుల్లో మెల్తెమి గాలి బలంగా వీస్తుంది. మేము మే నెలాఖరున వెళ్లడం మంచిదైంది.

ఎక్కలేనివాళ్లకు త్రాగేయా లోయలోని హాల్కీ ఊరి చుట్టూ తిరగడమే హాయి. రాళ్లు పరిచిన పాత బాటల్ని అక్కడ కల్దెరిమి అంటారు. రెండు వైపులా సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలు, పైన ఆలివ్ కొమ్మల నీడ. పావుగంట నడిస్తే 11వ శతాబ్దపు దియసోరితిస్ చర్చి, లోపల కుడ్యచిత్రాలు. మధ్యలో తాడుతో కట్టిన గేట్లు వస్తాయి. దాటాక మళ్లీ కట్టేయాలి, లేదంటే మేకలు తోటల్లో పడతాయి.

హాల్కీలో 1896 నుంచి నడుస్తున్న వల్లిన్ద్రాస్ బట్టీ ఉంది. దబ్బ జాతి చెట్టు ఆకుల్ని బట్టీ పట్టి కిత్రోన్ అనే మద్యం తీస్తారు. అక్క ఒక ఆకు నలిపి వాసన చూసి, "అమ్మ మజ్జిగలో వేసే దబ్బాకేనే ఇది" అంది. ఆ ఆకుని పుస్తకంలో పెట్టుకుని ఇంటిదాకా తెచ్చుకుంది.