పోలీసు డ్యూటీ వాళ్లకి స్లీప్ స్టడీ: వైజాగ్‌లో మేం వెళ్లిన ల్యాబ్ ఎలా ఉందంటే

మా ఆయన హెడ్ కానిస్టేబుల్. గురక ఎప్పటినుంచో ఉంది, నా భయం దాని గురించి కాదు. గురక పెడుతూ పెడుతూ ఒక్కసారిగా చప్పుడు ఆగిపోతుంది, పొట్ట కొట్టుకుంటూనే ఉంటుంది గానీ గాలి లోపలికి పోదు, కాసేపటికి ఉక్కిరిబిక్కిరై ఊపిరి లాగుతారు, మళ్లీ గురక. పగలేమో ఎన్‌ఏడీ జంక్షన్‌లో సిగ్నల్ పడితే చాలు, బండి మీదే కునుకు. మాత్రలు వేసుకుంటున్నా బీపీ దిగకపోయేసరికి డాక్టర్ గారే స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరి ఎలా ఆడుతోందో చూసే పరీక్ష, చేయించమన్నారు. సిటీలోనే ఒక ప్రైవేటు ల్యాబ్‌కి వెళ్లాం, పేరు రాయను.

పరీక్ష మాత్రం బాగా చేశారు. తలకి జిగురు పెట్టి వైర్లు, ఛాతీకీ పొట్టకీ బెల్టులు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం, వేలికి క్లిప్పు, అన్నీ టెక్నీషియన్ అబ్బాయి ఓపిగ్గా పెట్టాడు, "సార్, ఎటు తిరిగి పడుకున్నా ఏం కాదు" అని ధైర్యం చెప్పాడు. ముందు ఎప్‌వర్త్ అని 8 ప్రశ్నల కాగితం ఇస్తారు, మొత్తం 24 మార్కులు, 10 దాటితే పగటి నిద్ర ఎక్కువున్నట్టు. ఉద్యోగానికి ఇబ్బందేమో అని మా ఆయన అన్నిటికీ సున్నా పెట్టబోయారు. భార్యలూ, దయచేసి పక్కనే కూర్చోండి.

రిపోర్టులో గంటకి 38 సార్లు ఊపిరి అడ్డుపడిందని వచ్చింది. 5 లోపుంటే మామూలు, 30 దాటితే తీవ్రం. డాక్టర్ గారు స్క్రీన్ మీద చూపించారు: ఊపిరి గీత చదునైపోతుంది, ఛాతీ గీత ఆడుతూనే ఉంటుంది, కాసేపటికి ఆక్సిజన్ గీత కిందికి జారుతుంది. అది చూశాక నాకు కాళ్లు చేతులు ఆడలేదు. అమెరికా, కెనడాల్లో దాదాపు 5,000 మంది పోలీసుల మీద చేసిన అధ్యయనం 2011లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. మూడోవంతు మందికి స్లీప్ ఆప్నియా (మా ఆయనకి ఉన్నట్టే, నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు) ఉండొచ్చని తేలింది, నెలకొక్కసారైనా బండి నడుపుతూ నిద్రపోతున్నామని నాలుగోవంతు మంది పైనే ఒప్పుకున్నారు. మరి సింహాచలం గిరి ప్రదక్షిణ బందోబస్తులో రాత్రంతా నిలబడి, తెల్లారి గాజువాక దాకా హైవే మీద బండేసుకుని వచ్చేవాళ్ల సంగతేంటి?

ఇక కోపం వచ్చినవి. నైట్ డ్యూటీ వారంలో ఉన్న మనిషికి రాత్రే రమ్మంటారు. ఆయన పడుకునేది పగలు కదా, పగలే పెట్టండి అంటే రిసెప్షన్‌లో "మా టైమింగ్స్ ఇంతే మేడమ్" అని మొహం మీదే చెప్పేశారు. అలాంటివాళ్లకి మామూలుగా నిద్రపోయే వేళలోనే పరీక్ష పెట్టొచ్చు, పెట్టాలి కూడా. మేం సెలవు పెట్టుకుని వెళ్లాల్సొచ్చింది. రెండోది, రిపోర్టు చేతికి రాకముందే సీప్యాప్ మెషీన్ (నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్క్‌లోంచి గాలి ఒత్తిడితో పంపేది) అమ్మే మనిషి వచ్చి కూర్చున్నాడు, ఇవాళే తీసుకుంటే డిస్కౌంట్ అంటూ ఒకటే టెన్షన్ పెట్టాడు. తీసుకోలేదు. బయట అద్దెకి తెచ్చుకుని వాడి చూశాకే కొన్నాం, అదే మంచిదైంది, ఎందుకంటే మొదటి మాస్క్‌లో మీసం దగ్గర గాలి లీకయ్యేది. ముక్కు రంధ్రాల దగ్గర ఆనే చిన్న మాస్క్ సరిపోయింది. ఇప్పుడు పగటి కునుకు బాగా తగ్గింది, అయినా వరసగా నైట్లు పడితే నిద్ర చాలట్లేదు, దానికి మెషీన్ ఏం చేస్తుంది.

పరీక్షకి 5కి 4, మిగతాదానికి 2. వెళ్లేవాళ్లు పగటి స్లాట్ ఉందో లేదో, రిపోర్టు డాక్టరే కూర్చోబెట్టి చెప్తారో లేదో ముందే ఫోన్ చేసి అడగండి. తలకి నూనె రాసుకుని వెళ్లకండి, వైర్లు అంటుకోవు.