ప్రైమరీ పిల్లల టూర్‌కి ఏది మేలు: గోల్కొండా, ఓరుగల్లా, నాగార్జునకొండా?

దసరా సెలవులు ముగిసి బడి తెరవగానే స్టాఫ్ రూములో టూర్ మాట మొదలవుతుంది. చరిత్ర ఉన్న చోటికి తీసుకెళ్దాం అనుకుంటే హైదరాబాద్ చుట్టుపక్కల జిల్లాల బడులకు ముందుగా తోచేవి మూడు పేర్లు: గోల్కొండ కోట, రామప్పతో కలిపి కాకతీయుల ఓరుగల్లు, సాగర్ నీళ్ల మధ్య ఉన్న నాగార్జునకొండ. హైస్కూల్ పిల్లలైతే ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నా ఇబ్బంది లేదు. ఒకటి నుంచి ఐదు దాకా చదివే పిల్లల విషయంలో మాత్రం చాలా తేడా ఉంది.

ఏడేళ్ల పిల్లకు 1213వ సంవత్సరం అంటే ఏమీ అర్థం కాదు. తాతయ్య చిన్నప్పుడు అన్నా, ఎనిమిది వందల ఏళ్ల కిందట అన్నా ఒకటే. చెవితో విన్నది, చేత్తో కొలిచింది, కాళ్లతో ఎక్కింది మాత్రం ఆ పిల్ల మరిచిపోదు. అందుకే ఏ చోటి చరిత్ర ఎంత గొప్పది అన్న లెక్క పక్కన పెట్టి రెండే ప్రశ్నలు వేసుకోవాలి. అక్కడికి వెళ్లాక పిల్లలు స్వయంగా ఏం చేస్తారు? దానికోసం బస్సులో ఎన్ని గంటలు కూర్చోవాలి?

ముందు గోల్కొండ చూద్దాం. ద్వారం దాటగానే వచ్చే గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే కొండ మీదికి వినిపిస్తుంది. ఈ సంగతి అందరికీ తెలుసు. మామూలుగా జరిగేది ఏమిటంటే, గైడ్ చప్పట్లు కొడతాడు, పిల్లలు ఆహా అంటారు, అందరూ ముందుకు కదులుతారు. ఆ పని పిల్లల చేతికే ఇవ్వండి. నాలుగు, ఐదు తరగతుల వాళ్లను ఇద్దరు టీచర్లతో పైకి పంపి, చిన్నవాళ్లను కింద ఉంచండి. కింద వాళ్లు ఎన్ని చప్పట్లు కొట్టారో రాసుకుంటారు, పైవాళ్లు ఎన్ని విన్నారో రాసుకుంటారు. తర్వాత గుమ్మటం కింది నుంచి కాస్త పక్కకు జరిగి మళ్లీ కొట్టించండి. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాక, శత్రువులు వస్తున్నారని పైనున్న రాజుకు కబురు ఎలా వెళ్లేది అని అడగండి. జవాబు పిల్లలే చెబుతారు. జనం పెరిగితే ఆ గోలలో ఏమీ వినపడదు కాబట్టి, ఉదయం తెరిచిన వెంటనే ఈ పని ముగించాలి.

గోల్కొండలో ఇంకా చాలా ఉంది. ఏనుగులు గుద్దకుండా తలుపులకు బిగించిన ఇనుప మేకులు, నీళ్లు పైకెక్కించిన మట్టి గొట్టాల ఆనవాళ్లు చిన్నపిల్లలకు ఇట్టే అర్థమవుతాయి. భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్నను బంధించిన గది ఉండనే ఉంది. రామదాసు కథ తెలియని పిల్లలు మన దగ్గర తక్కువే కాబట్టి అక్కడ పెద్దగా చెప్పాల్సిన పని కూడా ఉండదు. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు చుట్టుముట్టి కూర్చున్నా ఈ గోడలు ఎలా నిలిచాయో నాలుగో తరగతి వాళ్లకు చెబితే వాళ్లు ఆ గోడలను చూసే తీరే మారిపోతుంది.

ఇబ్బంది అల్లా మెట్లతోనే. పైదాకా సుమారు 360 మెట్లు, అక్కడక్కడా అంచులకు అడ్డు లేదు. ఒకటి, రెండు తరగతుల వాళ్లను పైకి తీసుకెళ్లొద్దని గట్టిగా చెబుతాను. వాళ్లకు కింది భాగం చూపించి, దగ్గర్లోనే ఉన్న కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరికి తీసుకెళ్తే సరిపోతుంది. అక్కడ నేల చదును, చెట్ల నీడ కూడా ఉంటుంది. ఇంకో చిక్కు, హైదరాబాద్ పిల్లల్లో చాలామంది ఇంట్లోవాళ్లతో గోల్కొండ ముందే చూసి ఉంటారు. చప్పట్ల లెక్క లాంటి పని ఇస్తే చూసిన వాళ్లకూ విసుగు రాదు.

ఓరుగల్లు సంగతి వేరు. హైదరాబాద్ నుంచి సుమారు 150 కిలోమీటర్లు, పిల్లల బస్సుకు మూడు గంటల పైమాటే. అంత దూరం తీసుకెళ్లడానికి తగిన కారణం ఉందా అంటే, ఉందనే అంటాను. ఆ కారణం ఖిలా వరంగల్ మధ్యలో, కళాతోరణాల చుట్టూ నేల మీద పరిచి ఉంది. నిలిచి ఉన్న గుళ్లలో శిల్పాలు పెద్దవాళ్ల తలల కన్నా పైన ఉంటాయి. ఎనిమిదేళ్ల పిల్లలు మెడలు నొప్పి పుట్టేలా పైకి చూసి, రెండు నిమిషాల్లో పక్కనున్న వాళ్లతో ఆటలో పడిపోతారు. ఇక్కడ స్వయంభూ దేవాలయం కూలిపోయి, దాని రాళ్లన్నీ నేల మీద వరసగా ఉన్నాయి. ఏనుగు, సింహం, పూలతీగ, ముక్క విరిగిన నంది, అన్నీ పిల్లల కంటి ఎత్తులోనే. ఒక్కొక్కరికీ ఒక రాయిని అప్పగించి బొమ్మ వేయమంటే అరగంట ఎవరూ కదలరు.

తోరణాలు నాలుగు. నాలుగూ ఒకేలా ఉన్నాయా అని అడిగి వదిలేయండి. అటూ ఇటూ పరుగెత్తి వెతుకుతారు, పైనున్న హంసలను లెక్కపెడతారు. తెలంగాణ రాజముద్రలో ఉన్నది ఈ తోరణమే కాబట్టి, ముద్ర ఉన్న కాగితం ఒకటి వెంట తీసుకెళ్లి, అందులో ఉన్నదీ ఎదురుగా ఉన్నదీ పోల్చమనండి. ముద్రలో ఉన్న చార్మినార్ ఇక్కడ ఎందుకు లేదు మేడమ్ అని ఎవరో ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్న, జవాబు తయారుగా పెట్టుకోండి.

ఇంకో ప్రశ్న కూడా తప్పకుండా వస్తుంది: ఇదంతా ఎవరు పగలగొట్టారు? 1323లో ఢిల్లీ సైన్యంతో జరిగిన యుద్ధంలో కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు ఓడిపోయాడు, ఊరు వాళ్ల చేతికి వెళ్లింది, గుడి కూలింది అని ఉన్నదున్నట్టు చెప్పాలి. దాచకూడదు, ఎవరి మీదా కోపం రాజేయకూడదు. చిన్నపిల్లలకు చరిత్ర చెప్పేటప్పుడు ఇంతకన్నా జాగ్రత్తగా ఉండాల్సిన చోటు ఇంకొకటి ఉండదు. ఆ మాట చెప్పాక పక్కనే ఉన్న ఖుష్ మహల్‌లోకి తీసుకెళ్లి, యుద్ధం తర్వాత వచ్చినవాళ్లు కట్టింది ఇదీ అని చూపించండి.

రుద్రమదేవి కథ బస్సులోనే చెప్పేయడం మేలు. తండ్రి గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతి కోటను ఆమె పూర్తి చేయించింది. కథ ముందే తెలిసిన పిల్లలు మట్టి కోట, కందకం, రాతి కోట ఒకదాని తర్వాత ఒకటి దాటి లోపలికి వస్తుంటే కిటికీల దగ్గర తోసుకుంటారు. దారి వంకర తిరిగే ద్వారం దగ్గర బస్సు కాసేపు ఆపించగలిగితే, గుర్రం మీద వేగంగా వచ్చేవాడికి ఈ మలుపులో ఏమవుతుందో అడగొచ్చు.

ఇక రామప్ప. కాకతీయుల కట్టడాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలతో గర్భగుడి పైని శిఖరం (విమానం), ఇసుక నింపిన పునాది, అద్దంలా నునుపు తేలిన నల్లరాతి శిల్పాలు. ఇన్ని ఉన్నా, వరంగల్ కోటతో కలిపి ఒకే రోజులో రామప్ప పెట్టుకోవద్దనే చెబుతాను. హనుమకొండ నుంచి ఇంకో 70 కిలోమీటర్లు. పోనూ రానూ కలిపితే రోజుకు 400 కిలోమీటర్లు దాటుతుంది. చీకటి పడ్డాక వాంతులతో, ఏడుపులతో ఇళ్లకు చేరే పిల్లలకు ఏ శిల్పమూ గుర్తుండదు. పైగా తేలే ఇటుకను గుడి దగ్గర ఎవరూ పిల్లల చేతికి ఇవ్వరు. చెబితే వినడమే తప్ప చూసేది లేదు. అది చూపించాలంటే ముందురోజు క్లాసులోనే బకెట్ నీళ్లు పెట్టి, మామూలు ఇటుక ముక్కనూ పాదాలు రుద్దుకునే ప్యూమిస్ రాయినీ వేయించండి. ఒకటి మునుగుతుంది, ఇంకోటి తేలుతుంది. రెండు రోజుల టూర్ వేసే వీలుండి, ఐదో తరగతి వాళ్లు మాత్రమే వస్తుంటే అప్పుడు రామప్ప తప్పకుండా పెట్టుకోండి. గుడిలో చెప్పులు విడవాలి, మధ్యాహ్నం రాతి నేల కాలుతుంది కాబట్టి పొద్దున్నే చేరేలా చూసుకోవాలి.

వేయిస్తంభాల గుడి హనుమకొండలో, కోటకు వెళ్లే దారిలోనే ఉంటుంది. గంట చాలు.

నాగార్జునకొండ దగ్గర ఉన్న కథ మిగతా రెండు చోట్లా లేదు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ అది. డ్యామ్ కడితే లోయంతా మునుగుతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ వాళ్లు పెద్ద ఎత్తున తవ్వారు. బయటపడిన కట్టడాల్లో కొన్నింటిని విప్పి తీసుకొచ్చి కొండ మీదా, ఒడ్డున ఉన్న అనుపు అనే చోటా మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడు ఆ కొండ చుట్టూ నీళ్లే. మన పడవ కింద ఒక ఊరు ఉంది అంటే ఏ పిల్లాడైనా వంగి నీళ్లలోకి చూస్తాడు. మ్యూజియంలో మునిగిన లోయ నమూనా కూడా ఉంది. ఊళ్లకు నీళ్లు కావాలి, పాత ఊరు కూడా కావాలి, నువ్వైతే ఏం చేస్తావు అని మూడో తరగతి పిల్లల్ని అడిగినా గంటసేపు వాదించుకుంటారు.

నా భయం కూడా అదే, వంగి నీళ్లలోకి చూస్తారని. లాంచీలో వెళ్లడానికే ముప్పావు గంట పడుతుంది. గాలి ఎక్కువున్నా, నీటిమట్టం తగ్గినా లాంచీ తిప్పరు. అంతదూరం వెళ్లాక ఈరోజు లేదంటే యాభై మంది పిల్లలతో ఏం చేస్తారు? ప్రతి పిల్లకూ సరిపోయే సైజు లైఫ్ జాకెట్ ఉందో లేదో ముందే కనుక్కోవాలి, పెద్దవాళ్లది తగిలిస్తే కుదరదు. మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఇన్ని షరతులున్న చోటికి ఒకటి, రెండు తరగతులను నేనైతే తీసుకెళ్లను.

లాంచీ లేకుండా ఈ కథ చెప్పడానికి ఒక దారి ఉంది. అనుపుకు రోడ్డు మీదే వెళ్లొచ్చు. అక్కడ మళ్లీ కట్టిన మెట్ల ప్రేక్షకశాలలో పిల్లల్ని కూర్చోబెట్టి, మధ్యలో ఇద్దరితో చిన్న నాటకం వేయించొచ్చు. డ్యామ్ 26 గేట్లు లెక్కపెట్టించి అనుపుకు వెళ్తే సగం కథ చేతికొచ్చినట్టే. తెలంగాణ బస్సుకు అటువైపు పర్మిట్ కావాలి, ట్రావెల్స్ వాళ్లతో ముందే మాట్లాడుకోండి.

తేల్చి చెప్పమంటే, ఒకటి, రెండు తరగతులకు గోల్కొండ కింది భాగమే మేలు. మధ్యాహ్నానికల్లా ఇళ్లకు చేరొచ్చు. మూడు నుంచి ఐదు దాకా అయితే, పొద్దున్న ఆరింటికి బయల్దేరగలిగితే, ఓరుగల్లు కోటకే నా ఓటు. కోట, వేయిస్తంభాల గుడి, అంతే. మూడో చోటు చేర్చమని ఎవరు అడిగినా ఒప్పుకోవద్దు. మాచర్ల, గుంటూరు, మిర్యాలగూడ వైపు బడులకు దూరం లెక్క మారుతుంది కాబట్టి, నాలుగు, ఐదు తరగతులకు నాగార్జునకొండే ముందు వరసలో ఉంటుంది, అనుపును చేతిలో ఉంచుకుని.

ఖర్చు గురించి ఒక్క మాట. కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. డబ్బంతా బస్సుకూ భోజనానికే. అందుకే దూరం తగ్గించి, మిగిలిన డబ్బుతో ఇంకో ఇద్దరు పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లండి. పదిమంది పిల్లలకు ఒకరు చొప్పున ఉంటేనే టీచర్‌కు టెన్షన్ లేకుండా నాలుగు మాటలు చెప్పే వీలుంటుంది. తేదీ పెట్టేటప్పుడు ఆదివారాలు వదిలేయండి. రెండేళ్లకోసారి మేడారం జాతర వచ్చే సంవత్సరంలో సంక్రాంతి తర్వాత ములుగు రోడ్డంతా జనంతో నిండిపోతుంది, వరంగల్ టూర్ అయినా సరే డిసెంబర్‌లోనే ముగించుకోండి.