మనరోలా కొండ మీద బొమ్మల కొలువు

మిలాన్‌లో ఉద్యోగంలో చేరాక అమ్మానాన్నలు నా దగ్గరికి రావడం అదే మొదటిసారి. డిసెంబరు చివరి వారం. ఇటలీ సముద్రతీరంలో కొండల మీదున్న ఐదు ఊళ్లు, చింక్వే తెర్రె, అక్కడికి వెళ్దామంటే ఆఫీసులో అందరూ నవ్వారు. అది ఎండాకాలం చూసే చోటట. నిజమే, చలికాలంలో పడవలు తిరగవు, సగం హోటళ్లు, తినే చోట్లు మూసేస్తారు. కానీ నేను వెళ్లింది సముద్రం కోసం కాదు, ఆ ఐదింటిలో ఒకటైన మనరోలా ఊరి వెనక ఉన్న కొండ కోసం.

ఆ కొండ మీద ద్రాక్షతోట మారియో ఆండ్రెయోలి అనే రైల్వే ఉద్యోగిది, తండ్రి నుంచి వచ్చింది. తండ్రికిచ్చిన మాట కోసం 1961లో అక్కడ ఒక శిలువ నిలబెట్టాడు. తర్వాత క్రిస్మస్‌కి పెట్టే ఏసు పుట్టుక ఘట్టం బొమ్మలు మొదలుపెట్టాడు. పాత రేకులు, చెక్కలు, ప్లాస్టిక్ సీసాలు, ఏది పారేసినా తెచ్చి మనిషంత బొమ్మ చేసి, చుట్టూ బల్బులు కట్టేవాడు. అలా 300 దాటాయి. ఆయన 2022లో పోయారు. ఇప్పుడు ఊరివాళ్లే ఆ పని చూస్తున్నారు. ఏటా డిసెంబరు 8న వెలిగిస్తే జనవరి చివరిదాకా ఉంటాయి.

బస విషయంలో తప్పు చేశాను. ఊళ్లోనే ఉంటే బాగుంటుందని ఒక గది తీసుకున్నా. ఫొటోలో కిటికీ నిండా సముద్రం. తీరా వెళ్తే మూడో అంతస్తు, లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా. హీటరు రాత్రి పదింటికే ఆగిపోయింది. అమ్మ రెండు దుప్పట్లలో వణుకుతూ నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధ. మర్నాడే పక్కనున్న పట్నం లా స్పెజియాలో స్టేషన్ దగ్గరికి మారాం. గది చిన్నదే కానీ వెచ్చగా ఉంది. మనరోలాకి అక్కణ్ణుంచి రైల్లో పది నిమిషాలు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు మొదటే అలా చేయండి. చలికాలంలో రైళ్లు తక్కువ, తిరుగు రైలు టైము చూసుకోకపోతే ప్లాట్‌ఫారం మీద చలిలో కూర్చోవాల్సిందే.

రెండో రోజు సాయంత్రం ఐదు దాటింది. స్టేషన్ నుంచి సొరంగం గుండా ఊళ్లోకి నడిచి, చర్చి వైపు ఎక్కుతున్నాం. కొండ నల్లగా ఉంది. ఒక్కసారిగా గొర్రెలు, కాపరులు, గంప మోసే మనిషి, పైన పశువుల పాక, అన్నీ వెలుగు గీతల్లో లేచాయి. ద్రాక్షతోట రాతిగట్లు మెట్లు మెట్లుగా ఉంటాయి కదా, బొమ్మలన్నీ ఆ వరసల్లోనే.

"ఒరేయ్, బొమ్మల కొలువు పెట్టారురా వీళ్లు!" అంది అమ్మ.

నాన్న గొంతు సవరించుకుని, "బాగానే ఉంది గానీ కరెంటు బిల్లు ఎవరు కడతార్రా?" అన్నారు. 15 వేలకు పైగా బల్బులు. 2008 నుంచి సౌర విద్యుత్తుతో వెలుగుతున్నాయని చెప్పాక గానీ ఆయన మనసు కుదుటపడలేదు.

తిండికి ఇబ్బంది పడతామనుకున్నా గానీ లా స్పెజియాలో ఫరినాత దొరికింది. శనగపిండి, నూనె, ఉప్పు, నీళ్లు కలిపి పొయ్యిలో కాల్చిన అట్టు. "పచ్చిమిర్చి వేస్తే సరిపోను" అంటూనే అమ్మ రెండు ముక్కలు తింది, మూడోది పొట్లం కట్టించింది.

తిరుగు రైలు టైము నేనే తప్పు చూశాను. ప్లాట్‌ఫారం మీద నలభై నిమిషాలు. ఆ మూడో ముక్క అక్కడే అయిపోయింది.