బేటీలో రెండు రాత్రులు, 30 ఆంప్స్

మే నెలాఖరున మెమోరియల్ డే సెలవులకి లాస్ వేగస్‌లో ఆర్‌వీ, అంటే వంటిల్లూ పడకలూ టాయిలెట్టూ ఉన్న పెద్ద బండి, అద్దెకు తీసుకుని బేటీ వెళ్ళాం. నెవాడా ఎడారిలో 95వ నంబరు హైవే మీద, డెత్ వ్యాలీ నేషనల్ పార్కు అంచున ఉన్న ఊరు. వెయ్యిమంది జనాభా కూడా ఉండదు. దారి గురించి చెప్పడానికేమీ లేదు. పిల్లలు నిద్రపోయారు, మా ఆయన స్టీరింగ్ వదల్లేదు, నోరూ విప్పలేదు.

నా బాధంతా క్యాంప్‌గ్రౌండ్ గురించే. రాత్రికి 48 డాలర్లు. "ఫుల్ హుకప్" అని బుకింగ్‌లో రాసి ఉంది. అంటే నీళ్ళు, కరెంటు, మురుగు గొట్టం మూడూ మన బండి పక్కనే తగిలించుకోవాలి. తీరా చూస్తే కంకర నేల, ఒక ఇనుప బల్ల. నీడ కోసం వెతికితే కరెంటు స్తంభం నీడే దొరికింది. మురుగు తూము ఉందిగానీ అది పక్క సైటు వైపు ఉంది. మా గొట్టం పది అడుగులు, ఇంకో నాలుగు అడుగులు కావాలి. ఆఫీసుకి వెళ్ళి చెప్తే ఆయన కిటికీ సగమే తెరిచి, "తూము ఉందిగా?" అన్నాడు. అదనపు గొట్టం కొంటే 38 డాలర్లట, లేదంటే డంప్ స్టేషన్‌లో, అంటే అందరూ మురుగు ట్యాంకులు వదిలే చోట, ఖాళీ చేసుకోవడానికి 15. పైగా ఇద్దరు దాటితే తలకి రాత్రికి 5 డాలర్లు. ఆ మాట బుకింగ్‌లో ఎక్కడా లేదు. అత్తయ్యగారికీ, నాలుగేళ్ళ మా చిన్నదానికీ ఒకే రేటు!

అసలు టెన్షన్ సాయంత్రం మొదలైంది. ఏసీ తిరుగుతోంది, రైస్ కుక్కర్ పెట్టాను, పప్పు వేడి చేద్దామని మైక్రోవేవ్ నొక్కానో లేదో, ఠప్! అంతా చీకటి. మా ఆయన లుంగీలోనే ఫోన్ టార్చ్ పట్టుకుని బయటి పెట్టెలో బ్రేకర్ ఎత్తి వచ్చారు. రాత్రి అయ్యేసరికి మూడుసార్లు వెళ్ళొచ్చారు. మూడోసారి తలుపు కాస్త గట్టిగానే వేశారు. తర్వాత లెక్క చూసుకుంటే, మా బండికి అందే కరెంటు 30 ఆంప్స్, అంటే 120 వోల్టుల మీద 3600 వాట్లు, అంతే. అందులో దాదాపు సగం ఏసీకే పోతుంది. అన్నం వండాలంటే ఏసీ ఆపాలి, ఏసీ కావాలంటే అటుకులు తినాలి. మీ బండి 50 ఆంప్స్‌దైతే 50 ఆంప్స్ సైటే అడిగి మరీ తీసుకోండి.

మమ్మల్ని ఆదుకున్నది పక్క సైటులోని ఒరెగాన్ పెద్దాయన. అడగకుండానే తన గొట్టం తెచ్చి తగిలించాడు. టాయిలెట్ ట్యాంకు వాల్వు తెరిచి ఉంచొద్దని, నీళ్ళు పోయి అసలుది లోపలే గట్టిపడుతుందని చేతులు తిప్పుతూ చెప్పాడు. ముందు అది ఖాళీ చేసి, తర్వాత స్నానాల నీళ్ళు వదిలితే గొట్టం తనంతట తనే కడుక్కుంటుందట. అద్దెకిచ్చిన వాళ్ళు అరగంట చూపించిన వీడియోలో ఈ మాట లేదు.

మా మరిది వాళ్ళు ఊళ్ళోనే మోటెల్‌లో దిగారు, రాత్రికి 118. వాళ్ళ కారులోనే పొద్దున్నే డెత్ వ్యాలీకి వెళ్ళాం, బండికి 30 డాలర్ల టికెట్. సముద్రమట్టానికి 282 అడుగుల దిగువన ఉన్న బ్యాడ్‌వాటర్ ఉప్పునేల చూసి, పదకొండుకల్లా తిరుగు దారి పట్టాం. "ఇది మా రెంటచింతల ఎండే, కాకపోతే అక్కడ మజ్జిగ ఇచ్చేవాళ్ళుంటారు" అన్నారు అత్తయ్యగారు.

దానికంటే నాకు నచ్చింది బేటీకి నాలుగు మైళ్ళ దూరంలోని రయొలైట్. 1904లో బంగారం దొరికితే లేచిన ఊరు, ఇప్పుడు మొండిగోడలు. మూడంతస్తుల బ్యాంకు గోడల్లోంచి ఆకాశం కనిపిస్తుంది. 1916లోనే ఊరికి కరెంటు తీసేశారని చదివి మా ఆయన రెండు రోజుల్లో మొదటిసారి నవ్వారు. ప్రవేశం ఉచితం.

అద్దె, ఇన్సూరెన్స్, క్లీనింగ్ ఫీజు, సైటు, తలపన్ను, పెట్రోలు కలిపి 729 డాలర్లయింది. మోటెల్‌లో రెండు గదులు తీసుకున్నా పన్ను కాక 472తో పోయేది. ఆ లెక్క నేను బండిలో పైకే చదివాను. ఎవరూ పలకలేదు.

రెండో రాత్రి మరిది రమ్మన్నా అత్తయ్యగారు మోటెల్‌కి వెళ్ళలేదు. బేటీ వీధుల్లో అడవి గాడిదలు తిరుగుతాయి. ఒకప్పుడు గనుల్లో బరువులు మోసిన వాటి సంతానం. మొదటి రాత్రి గడిచి తెల్లవారుజామున ఒకటి మా కిటికీ పక్కనే ఓండ్ర పెట్టింది. గాడిద ఓండ్ర మంచి శకునమని, మళ్ళీ వస్తుందని ఆవిడ నాలుగింటికే లేచి ఇనుప బల్ల మీద శాలువా కప్పుకుని కూర్చున్నారు. రెండు వచ్చాయి.