ప్లేయర్ పియానో తిత్తులకు సరేసు జిగురు: కొన్నేళ్ల వాడకం తర్వాత

ప్లేయర్ పియానో (రంధ్రాలున్న కాగితపు రోల్‌ను గాలి పీల్పుతో చదివి తనంతట తానే వాయించే పియానో) బాగుచేసేవాళ్లు గుడ్డ గురించీ ట్యూబుల గురించీ ఎంతైనా మాట్లాడతారు. జిగురు దగ్గరకొచ్చేసరికి చేతికందిన తెల్ల జిగురు (ఫెవికాల్ లాంటిది) డబ్బా తెరుస్తారు. నా ఓటు వడ్రంగుల పాత సరేసుకే, అంటే పశువుల తోలూ ఎముకలూ ఉడికించి చేసే జిగురుకే. బాగా అతుకుతుందని అందరికీ తెలుసు. కావాలనుకున్నప్పుడు ఊడివస్తుంది చూడండి, నాకు ప్రాణం అక్కడే.

మా పియానోలో కింది వరుస తిత్తులు (రెండు చెక్క పలకల మధ్య గుడ్డ అంటించిన గాలి సంచులు, ఒక్కో స్వరానికి ఒకటి) తొమ్మిది లేవు. 1908లో కుదిరిన ప్రమాణం కాగితపు రోల్‌కే (వెడల్పు 11¼ అంగుళాలు, అంగుళానికి 9 రంధ్రాలు). తిత్తుల కొలతలు కంపెనీకొక తీరు, కాబట్టి పక్క తిత్తిని విప్పి కొలుచుకుని కొత్తవి చేయించాల్సిందే. పలకలకు టేకు వాడకండి, దాని నూనెకు జిగురు సరిగా పట్టదు. తప్పకపోతే ఎసిటోన్‌తో తుడిచి, చిత్రిక పట్టిన రోజే అతికించండి.

అసలు గొడవ రిజర్వాయర్‌తో, అంటే గాలి పీల్పును నిలకడగా ఉంచే పెద్ద తిత్తితో. పాత రిపేరులో ఎవరో దాని గుడ్డను తెల్ల జిగురుతో అంటించారు. లోపలి స్ప్రింగులు పలకల్ని ఎప్పుడూ బయటికి నెడుతుంటాయి. ఎడతెగని లాగుడుకు తెల్ల జిగురు కొద్దికొద్దిగా జారుతుంది, మే నెల వేడిలో మరీను. లక్షణం ఏమిటంటే, టెంపో (వేగం) మీట 70 దగ్గర ఉంటే నిమిషానికి 7 అడుగులు నడవాల్సిన కాగితం స్వరాలు గుంపుగా పడినచోట మందగిస్తుంది, కాళ్లు ఎంత తొక్కినా అందుకోదు. గుడ్డ తీద్దామంటే వేడికి జిగురు సాగింది గానీ వదల్లేదు. చెక్కలో ఇంకిన ఆ పొర మీద సరేసు పట్టదు. ఉలితో గీకి, పలకలు రెండూ మళ్లీ చిత్రిక పట్టాల్సి వచ్చింది.

తర్వాత పై వరుసలో సరేసుతో అంటించిన తిత్తి గుడ్డ మడత దగ్గర చిరిగింది. అంచున వేడినీళ్లు రాసి, ఇస్త్రీపెట్టె ఆనించి, పలుచటి కత్తి దూర్చితే గుడ్డ పట్టీలా లేచొచ్చింది. పలకకు గీత పడలేదు. మిగిలిన పాత పొరలో కొత్త జిగురు కలిసిపోయింది.

బేగంబజారులో కొనేటప్పుడు నల్లగా, కుళ్లు వాసన వేసేది వద్దు, లేత తేనె రంగు గుళికలు చూడండి. తూకంలో ఒక పాలు గుళికలకు రెండు పాళ్లు చన్నీళ్లు పోసి నానబెట్టి, నీళ్లగిన్నెలో 60–63 డిగ్రీలకు వేడిచేయాలి. 70 దాటితే బలం పోతుంది. కుంచె నుంచి తెగకుండా దారంలా జారితే పాకం కుదిరినట్టు. ఆరాక తిత్తిని మూసి, గాలి రంధ్రం వేలితో నొక్కిపట్టి పలకలు లాగండి. తెరుచుకోకపోతే అతుకు గట్టిదే.

అంత సులువైన జిగురనీ చెప్పను. డిసెంబరులో నిమిషంలో గడ్డకడుతుంది, పలకలు ముందే వెచ్చబెట్టాలి. మేలో గడ్డకట్టక గుడ్డ జారుతుంది, మిగిలిన జిగురు ఫ్రిజ్‌లో పెట్టకపోతే తెల్లారేసరికి పాడవుతుంది. వానాకాలం బొద్దింకలు అంచుల్ని కొరుకుతాయి, అందుకే పొంగిన జిగురు అప్పటికప్పుడే వేడి తడిగుడ్డతో తుడిచేయాలి.

మా పియానో మేడ మీద, గాలి ఆడే గదిలో, లోపలి గోడకు ఉంది. వానాకాలం గోడలు చెమ్మగిల్లే కింది గదిలో పెట్టేవాళ్లకు నేను ఇంత గట్టిగా చెప్పలేను. కాళ్లతో తొక్కే తిత్తుల వరకైనా ముందు ఒక వానాకాలం చూసి మిగతావి మొదలుపెట్టండి.