చెయ్యి తిరిగినవాళ్ల వేగం లెక్కకట్టాలంటే ఏది మేలు?

మీసేవ కౌంటర్లో కూర్చునే అమ్మాయిని ఓసారి గమనించండి. కళ్లు ఆధార్ కార్డు మీద, వేళ్లు కీబోర్డు మీద. నోరు మాత్రం "ఫోన్ నంబర్ చెప్పండన్నా" అంటుంటుంది. ఈ పనికి ఎంతసేపు పడుతుందో ముందే లెక్కగట్టి తేల్చే పద్ధతులు మూడున్నాయి.

1980లో కార్డ్, మోరాన్, న్యూవెల్ అనే పరిశోధకులు ఇచ్చిన కీస్ట్రోక్ లెవెల్ మోడల్‌ది కూడికల లెక్క. ఆలోచనకు 1.35 సెకన్లు, మౌస్‌తో గడి చూపడానికి 1.1, చెయ్యి కీబోర్డు మీదకు రావడానికి 0.4, ఆధార్ 12 అంకెలకు 0.2 చొప్పున 2.4. మొత్తం 5.25. ఒక్క పూటలో నేర్చుకోవచ్చు. కానీ ఒకటి అయ్యాకే ఇంకొకటి అనుకుంటుంది; ఆ అమ్మాయి అలా చెయ్యదే!

రెండోది సీపీఎం-గోమ్స్. ఇది కంటికి, చేతికి, నోటికి, ఆలోచనకు వేర్వేరు వరసలు గీస్తుంది. వాటిలో అన్నిటికన్నా పొడుగు గొలుసు ఎంతో, పని అంతసేపు. అమెరికా ఫోన్ కంపెనీ నైనెక్స్ ఆపరేటర్లకు కొత్త యంత్రాలు కొనబోయింది. వాటితో కాల్ త్వరగా ముగుస్తుందని అంతా అనుకున్నారు. గ్రే, జాన్, అట్‌వుడ్ అనే పరిశోధకులు మాత్రం ఈ పద్ధతిలో గీతలు గీసి, ఆలస్యమే అవుతుందన్నారు. నాలుగు నెలలు వాడి చూస్తే అదే నిజమైంది. తగ్గిన కీలు కాల్ మొదట్లోవి, మాటల చాటున ఎలాగూ అయిపోయేవి. చేరిన కీ చివర్లో పడింది, దాని కోసం కాల్ ఆగాల్సిందే. కాల్‌కు ఒక్క సెకను తేడా వస్తే ఏడాదికి 30 లక్షల డాలర్లు అటూ ఇటూ అయ్యే చోటది. 1993లో అచ్చయిన ఈ లెక్క నాకిప్పటికీ ముచ్చటే.

అయితే పైనుంచి పడే ముక్కలను పేర్చే టెట్రిస్ ఆట దగ్గర ఇదీ చాలదు. ఆటగాళ్లు ముక్కను అవసరానికి మించి తిప్పుతారని కిర్ష్, మాగ్లియో 1994లో చూపించారు. మనసులో తిప్పుకోవడం కన్నా తెర మీద తిప్పి చూడటమే తొందర మరి. అడుగులు ముందే రాసిపెట్టుకునే పద్ధతికి ఇలాంటివి అందవు. కార్నెగీ మెలన్‌లో జాన్ ఆండర్సన్ పెంచిన మూడో పద్ధతి యాక్ట్-ఆర్ ఇక్కడ పనికొస్తుంది. మనిషి బుర్ర పనిచేసే తీరును ఇది కంప్యూటర్లో నడిపి చూస్తుంది. "ఇలా ఉంటే ఇలా చెయ్యి" అనే ఒక్కో నియమానికి 50 మిల్లీసెకన్లు; జ్ఞాపకం, చూపు, నేర్చుకోవడం అన్నీ కలిపి నడుస్తాయి. కాకపోతే అంతా ప్రోగ్రాం రాయాలి, నెలల పని.

కౌంటర్ తెర మార్చాలంటే నా ఓటు సీపీఎం-గోమ్స్‌కే. కొత్తగా చేరిన కుర్రాడు ఆ అమ్మాయి వేగానికి ఎలా చేరతాడో తెలియాలంటే మాత్రం యాక్ట్-ఆర్ తప్పదు.